నోటి దురుసు నిలదీత కాదు

2010 ఫిబ్రవరి 24న బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ పార్లమెంటు సభకు హెర్మన్ వాన్ రాంపుయ్ వచ్చారు. ఆయన బెల్జియం మాజీ ప్రధాని. లిస్బన్ ఒప్పందం ప్రకారం యూరోపియన్ కౌన్సిల్‌కు తొలి పూర్తికాల అధ్యక్షుడిగా ఎంపికైనవారు. ఆయన ఎదుటనే బ్రిటన్ సభ్యుడు నైజెల్ ఫరాజ్ లేచి, ఈయనకున్న ఆకర్షణ తడిగుడ్డకు ఉండేపాటిదనీ, వాలకం కింది స్థాయి బ్యాంకు గుమాస్తాను తలపిస్తుందనీ అన్నారు. అసలు మీరెవరని అడిగారు. మీ పేరు ఐరోపాలో ఎవరూ వినలేదన్నారు. బెల్జియంను సైతం ఒక దేశంగా లెక్కించనవసరం లేదన్న ధోరణిలో మాట్లాడారు. క్షమాపణ చెప్పవలసిందిగా పార్లమెంటు అధ్యక్షుడు యెర్జీ బుజెక్ కోరినప్పుడు నిరాకరించారు. ఎవరికైనా క్షమాపణ చెప్పవలసి వస్తే లోకంలోని బ్యాంకు గుమాస్తాలకు చెబుతానని మరో చురక అంటించారు. శిక్షగా పది రోజుల భత్యంలో కోత పడింది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితకాలం గడిపిన మాకు ఆ తిట్టులో ఆశ్చర్యం కలిగించేది ఏమీ కనిపించలేదు. గుమాస్తా అన్న మాటను చులకనగా వాడటం ఐరోపాకే పరిమితం కాదు. మమ్మల్ని ఆలోచింపజేసినది ఫరాజ్ తిట్టు కాదు, ఆ తిట్టు వెనుక దాగిపోయిన ప్రశ్న. మిమ్మల్ని తొలగించడానికి ఐరోపా ప్రజల చేతిలో ఏ మార్గం ఉందని కూడా ఆయన అదే ప్రసంగంలో అడిగారు. ప్రజాస్వామ్యంలో అంతకంటే న్యాయమైన ప్రశ్న మరొకటి లేదు. కానీ మరునాడు లోకమంతా చెప్పుకున్నది తడిగుడ్డ గురించి, గుమాస్తా గురించి. ప్రశ్న గాలికి పోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం నిజానికి అసౌకర్యమైనదే. యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడిని ప్రజలు ఎన్నుకోరు. సభ్యదేశాల అధినేతలు రెండున్నరేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. మరొక్కసారి పొడిగించవచ్చు. తీవ్రమైన తప్పిదం చేస్తే తొలగించే అధికారం కూడా ఆ అధినేతలదే. పార్లమెంటుకు ఆయన నివేదిక సమర్పిస్తారు తప్ప, ఆయనను ఇంటికి పంపే అధికారం పార్లమెంటుకు లేదు. ఈ ఏర్పాటును సమర్థించేవారు కూడా ఉన్నారు. ఆ అధినేతలందరూ తమతమ దేశాల ప్రజలకు జవాబుదారులే కదా అన్నది వారి వాదన. అది తీసిపారేయదగిన వాదన కాదు. ఆ రోజు సభలో జరగవలసిన చర్చ ఇదే. జరగలేదు. ఎందుకంటే తిట్టిన మరుక్షణం విషయం అధికారం నుండి మర్యాదకు మారిపోయింది. జవాబు చెప్పవలసిన వ్యవస్థ గాయపడిన పక్షంగా నిలిచింది. ప్రశ్న వేసిన వ్యక్తి ప్రసిద్ధుడయ్యారు. ఇద్దరికీ లాభమే. నష్టపోయినది తమకు ఏ మార్గం ఉందో తెలుసుకోగోరిన పౌరుడు.

ఇక్కడ మా ఉద్యోగ జీవితపు రహస్యం ఒకటి పాఠకులకు చెప్పక తప్పదు. కార్యాలయానికి వచ్చి బల్ల గుద్ది అరిచిన మనిషిని చూసి గుమాస్తా లోలోపల ఊపిరి పీల్చుకుంటాడు. ఆ కాసేపటిలో ఫైలు ఎందుకు ఆగిందన్నది వెనక్కు పోతుంది, వచ్చిన మనిషి ఎలా మాట్లాడాడన్నది ముందుకు వస్తుంది. సూపరింటెండెంటు గారు కూడా మా పక్షానే నిలబడతారు. అరిచిన మనిషి మాకు సాకు చేతికిచ్చి వెళ్లిపోతాడు. మేము భయపడినది మరో రకం మనిషికి. చేతిలో చిన్న నోటు పుస్తకంతో వచ్చి, ‘అయ్యా, ఈ దరఖాస్తు ఇన్‌వర్డ్ నంబరు ఇది, ఇచ్చిన తేదీ ఇది, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది, ఎన్నాళ్లుగా ఉంది?’ అని నెమ్మదిగా అడిగే మనిషికి. ఆ మనిషిని తప్పించుకోవడానికి ఏ సాకూ పనికిరాదు.

ఐరోపాను కదిలించిన గుమాస్తాలు

గుమాస్తా అన్న పదం ఎవరికైనా తిట్టుగా వినిపిస్తే, వారికి పాల్ వాన్ బ్యూటెనెన్ సంగతి చెప్పాలి. నెదర్లాండ్స్‌కు చెందిన ఈయన యూరోపియన్ కమిషన్‌లో ఆడిట్ విభాగపు చిన్న ఉద్యోగి. కమిషన్ నిధుల వినియోగంలో అక్రమాలు, అయినవారికి పదవుల పంపకాలు ఆయన కంట పడ్డాయి. లోపల చెప్పి చూశారు. ఫలితం లేకపోవడంతో 1998 చివరలో కాగితాలన్నీ పార్లమెంటు సభ్యులకు అందజేశారు. కమిషన్ ఆయనను సస్పెండ్ చేసి సగం జీతంతో ఇంటికి పంపింది. 1999 జనవరిలో కమిషన్‌పై పెట్టిన అభిశంసన తీర్మానానికి 232 ఓట్లు అనుకూలంగా, 293 ఓట్లు ప్రతికూలంగా పడ్డాయి. తీర్మానం ఓడింది కానీ కాగితాలు ఓడలేదు. స్వతంత్ర నిపుణుల సంఘం ఒకటి ఏర్పడింది. మార్చి 15న అది ఇచ్చిన నివేదిక, కమిషన్‌లో ఏ కొద్దిపాటి బాధ్యతను అంగీకరించేవారైనా కనబడటం కష్టమవుతోందని తేల్చింది. కమిషన్ మాజీ ఫ్రెంచి ప్రధాని ఎడిత్ క్రెసాన్ తన దంతవైద్యుడైన మిత్రుడికి ఉద్యోగం ఇప్పించిన వైనాన్ని ఎత్తిచూపింది. ఆ రాత్రే జాక్ సాంటెర్ నాయకత్వంలోని 20 మంది కమిషనర్లూ మూకుమ్మడిగా రాజీనామా చేశారు.

ఒక్క తిట్టు లేకుండా జరిగిన పని ఇది. ఫరాజ్ అడిగిన ‘తొలగించే మార్గం’ ఎలా పనిచేస్తుందో పదేళ్ల ముందే ఒక చిన్న ఉద్యోగి చూపించారు.

మా పాఠకులకు మరింత దగ్గరగా తగిలే ఉదంతం అదే నెదర్లాండ్స్‌లో జరిగింది. శిశు సంరక్షణ భత్యం పొందే తల్లిదండ్రులు మోసం చేశారంటూ అక్కడి పన్నుల శాఖ ఏళ్ల తరబడి వేలాది కుటుంబాల వెంటపడింది. ఒక సంతకం లోపించినా, చిన్న మొత్తం చెల్లించకపోయినా, ఇచ్చిన భత్యమంతా తిరిగి కట్టమన్నది. పదివేల యూరోల లెక్కన బాకీలు మీద పడి కుటుంబాలు చితికిపోయాయి. ఇళ్లు పోయాయి, కాపురాలు విడిపోయాయి. ఆ కుటుంబాలలో వెయ్యికి పైగా పిల్లలను ప్రభుత్వం తల్లిదండ్రుల వద్ద నుండి తీసుకొని వేరేచోట ఉంచింది. బాధితులలో తుర్కీ, మొరాకో మూలాలున్నవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రెండు పౌరసత్వాలు ఉండటాన్ని అనుమాన చిహ్నంగా ఆ శాఖ వాడుకుందని తరువాత రుజువైంది. మాపై ఆరోపణ ఏమిటో చూపమని ఫైలు అడిగిన తల్లిదండ్రులకు అక్షరాలపై నల్లసిరా పూసిన పుటలు పంపారు. మా ఉద్యోగ జీవితంలో ఫైలు దొరకడం లేదన్న జవాబు ఎన్నోసార్లు విన్నాము. ఫైలు ఇచ్చి కూడా ఏమీ ఇవ్వకపోవడం అన్నది మాకు కొత్త.

గమనించవలసింది ఏమంటే, ఆ ఉత్తరాలలో ఎక్కడా అమర్యాద లేదు. గౌరవ వాచకాలతో మొదలై గౌరవ వాచకాలతో ముగిసే ఉత్తరాలే కుటుంబాలను కూల్చాయి.

దీనిని వెలికితీసింది ఎవరు? పన్నుల శాఖలోనే న్యాయ సలహాదారుగా ఉన్న సాండ్రా పాల్మెన్, శాఖ చేసినది తప్పు, తల్లిదండ్రులకు పరిహారం ఇవ్వాలని 2017లోనే నోటు రాశారు. అది పక్కకు పోయింది. పార్లమెంటులో పీటర్ ఓమ్ట్‌జిఖ్ట్, రెన్స్కె లైటెన్ అనే ఇద్దరు సభ్యులు విసుగు లేకుండా ప్రశ్న మీద ప్రశ్న వేశారు. ఒకరు క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షం, మరొకరు సోషలిస్టు పక్షం. ఇద్దరూ ముస్లిములు కారు. ఓమ్ట్‌జిఖ్ట్ పక్షమైతే ప్రభుత్వంలో భాగస్వామి. 2020 డిసెంబరులో పార్లమెంటు విచారణ సంఘం తన నివేదికకు ‘మునుపెన్నడూ లేని అన్యాయం’ అని పేరు పెట్టింది. బాధితులకు 30,000 యూరోల చొప్పున పరిహారం ప్రకటించారు. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుటె ప్రభుత్వం రాజీనామా చేసింది.

ఇప్పుడు అదే పార్లమెంటులోని మరో గొంతును తలచుకుందాం. 2009 సెప్టెంబరులో ఖిర్ట్ విల్డర్స్ ముస్లిం స్త్రీల తలపాగుడ్డను ‘తల మీది పీలిక’ అని అవహేళన చేస్తూ, దానికి ఏడాదికి వెయ్యి యూరోల పన్ను వేయాలని సభలో ప్రతిపాదించారు. నిజం మాట్లాడే ధైర్యవంతుడని ఆయనను మెచ్చుకున్నవారున్నారు. కానీ ఆ మాటతో ఏ మంత్రి జవాబు చెప్పవలసి వచ్చింది? ఏ ఫైలు తెరుచుకుంది? పాలకులను నిలదీస్తున్నానన్న మనిషి నిలదీసింది వీధిలో నడిచిపోయే ఒక గృహిణిని. అధికారం లేనివారిపై చేసే అవహేళనకు జవాబుదారీతనమని పేరు పెట్టరాదు. దురుసుతనాన్ని తూచడానికి మా తక్కెడ ఇదే: మాట పైకి పోతోందా, కిందికి పోతోందా?

బ్రిటన్‌లోనూ ఇదే చూశాము. 2018 ఆగస్టులో బోరిస్ జాన్సన్ ఒక పత్రికా వ్యాసంలో బురఖా ధరించిన స్త్రీలను తపాలా పెట్టెలతోనూ బ్యాంకు దొంగలతోనూ పోల్చారు. బురఖా నిషేధాన్ని వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసమే అది. అయినా జనం గుర్తుపెట్టుకున్నది వాదనను కాదు, పోలికను. ఆ తరువాతి రోజులలో అవే మాటలు అరుస్తూ ముస్లిం స్త్రీలను వీధులలో వేధించిన ఘటనలను టెల్ మామా సంస్థ నమోదు చేసింది. మరుసటి ఏడాది జాన్సన్ ప్రధాని అయ్యారు. 2019 సెప్టెంబరులో సిక్కు సభ్యుడు తన్మన్‌జీత్ సింగ్ ఢేసీ కామన్స్ సభలో లేచి, ఆ మాటలకు క్షమాపణ చెప్పమని అడిగారు. చిన్ననాటి నుండి తాను భరించిన అవమానాలను గుర్తుచేశారు. ఒక్క అమర్యాదకరమైన పదం లేదు. ప్రతిపక్ష సభ్యులు చప్పట్లు కొట్టారు. ప్రధాని సూటిగా క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ రోజు సభలో ఎవరు చిన్నవారయ్యారో చూసినవారికి తెలుసు.

మర్యాద ఎవరికి కవచం?

ఇంతవరకు చదివినవారు మమ్మల్ని వినయం బోధించే పెద్దమనుషుల జాబితాలో చేర్చే ప్రమాదం ఉంది. మేము చెప్పేది అది కాదు. మర్యాద కూడా అధికారానికి కవచం కాగలదు. కామన్స్ సభలో తోటి సభ్యుడిని అబద్ధాలాడాడని అనరాదన్నది నియమం. 2021 జూలై 22న డాన్ బట్లర్ అనే నల్లజాతి మహిళా సభ్యురాలు ప్రధాని మళ్లీ మళ్లీ అబద్ధం చెప్పారని అన్నందుకు ఆమెను సభ నుండి బయటకు పంపారు. 2022 జనవరి 31న స్కాటిష్ జాతీయ పక్ష నాయకుడు ఇయన్ బ్లాక్‌ఫర్డ్‌కూ అదే జరిగింది. అబద్ధం చెప్పారన్న ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తి మాత్రం తన స్థానంలోనే కూర్చున్నారు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే సభకు చెందిన హక్కుల సంఘం సాక్ష్యాలు సేకరించి, లాక్‌డౌన్ విందుల విషయంలో జాన్సన్ ఉద్దేశపూర్వకంగానే సభను తప్పుదోవ పట్టించారని 2023 జూన్‌లో తేల్చింది. నివేదిక వెలువడకముందే ఆయన సభ్యత్వం వదులుకున్నారు. 354 ఓట్లు అనుకూలంగా, 7 ఓట్లు ప్రతికూలంగా పడగా సభ ఆ నివేదికను ఆమోదించింది. బట్లర్ చెప్పినది నిజమని సభ రెండేళ్లకు ఒప్పుకున్నట్టయింది. ఆలస్యమే. కానీ ఒక సభ్యురాలి కోపంగా తోసిపుచ్చిన మాట, సాక్ష్యంతో కూడిన సభ నిర్ణయంగా మారింది.

యూరోపియన్ యూనియన్ అధికారులూ మెత్తని మాటలతో తప్పించుకోవడంలో తక్కువవారు కారు. కరోనా టీకాల కొనుగోలు సమయంలో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఫైజర్ సంస్థ అధిపతితో ఫోను సందేశాలు పంపుకున్నారన్న వార్త వచ్చింది. వాటిని చూపమంటే మా వద్ద లేవన్నారు. ఎంత మర్యాదగా అన్నా అది జవాబు కాదు. యూరోపియన్ అంబుడ్స్‌మన్ దానిని పాలనా లోపమన్నారు. 2025 మే 14న యూనియన్ జనరల్ కోర్టు, కమిషన్ ఇచ్చిన వివరణ నమ్మదగినదిగా లేదంటూ ఆ నిరాకరణను కొట్టివేసింది. ఆ జూలైలో పెట్టిన అభిశంసన తీర్మానం మాత్రం 175 ఓట్లకు 360 ఓట్లతో వీగిపోయింది. ఒక పాత్రికేయ అభ్యర్థన, ఒక అంబుడ్స్‌మన్, ఒక న్యాయస్థానం కలిసి సాధించినంత ఆ తీర్మానపు ఆవేశ ప్రసంగాలు సాధించలేదు.

శిక్షలతో నోళ్లను అదుపు చేయడం కూడా పరిష్కారం కాదని ఐరోపా అనుభవం చెబుతోంది. స్త్రీలు తక్కువ తెలివిగలవారు కనుక తక్కువ జీతమే తగినదన్న పోలెండ్ సభ్యుడు కోర్విన్-మిక్కెపై యూరోపియన్ పార్లమెంటు 2017లో విధించిన శిక్షను, మరుసటి ఏడాది న్యాయస్థానం రద్దు చేసింది. మాట ఎంత రోత పుట్టించినా, సభ నడక దెబ్బతిననిదే సభ్యుడి వాక్ స్వేచ్ఛను శిక్షించరాదన్నది దాని సారాంశం. ఆ తీర్పు మింగుడు పడనిదే. అయినా పాఠం ఉంది. శిక్షించే అధికారం ఎప్పుడూ సంఖ్యాబలం ఉన్నవారి చేతిలోనే ఉంటుంది.

దీనికి మన పార్లమెంటే సాక్ష్యం. 2023 సెప్టెంబరు 21న లోక్‌సభలో రమేశ్ బిధూడీ అనే అధికారపక్ష సభ్యుడు తోటి సభ్యుడు డానిష్ అలీని మతం పేరు పెట్టి ఎలా దూషించారో మన ఇళ్లలో అందరూ విన్నారు. ఆ మాటలను రికార్డు నుండి తొలగించారు, మంత్రి విచారం తెలిపారు, సస్పెన్షన్ మాత్రం లేదు. మూడు నెలలకే, పార్లమెంటు భద్రతా లోపంపై హోంమంత్రి ప్రకటన చేయాలని పట్టుబట్టిన 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు ఉభయ సభలలో సస్పెండయ్యారు. దూషణకు ఒక కొలత, ప్రశ్నకు మరో కొలత. మైనారిటీకి మర్యాద పాఠాలు చెప్పేముందు ఈ రెండు కొలతల సంగతి తేల్చాలి.

మన సంప్రదాయం చెప్పేది

ఇతరులను ఎగతాళి చేయడాన్ని, వంకర పేర్లతో పిలవడాన్ని దివ్యఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా నిషేధించింది. ఫిరౌన్ వంటి నియంత వద్దకు పంపుతున్నప్పుడు సైతం మూసా, హారూన్ ప్రవక్తలకు (అలై) మృదువుగా మాట్లాడమనే ఆదేశం లభించింది. కానీ మృదువుగా మాట్లాడమన్న ఆదేశం, మాట్లాడవద్దన్న ఆదేశం కాదు. వారు ఫిరౌన్‌ను అడిగినది చిన్న కోరిక కాదు. ఒక జాతి విముక్తిని అడిగారు.

ఖలీఫా ఉమర్ (రజి) గురించి చెప్పుకునే ఉదంతం మనకందరికీ తెలిసినదే. అందరికీ సమానంగా పంచిన వస్త్రంతో మీకింత పొడవైన అంగీ ఎలా వచ్చిందని సభలో ఒకరు నిలదీశారు. ఖలీఫా కోపగించుకోలేదు, అడిగిన తీరును తప్పుపట్టలేదు. తన కుమారుడిని పిలిచి, తన వాటా తండ్రికి ఇచ్చానన్న సాక్ష్యం చెప్పించారు. ప్రశ్నలో తిట్టు లేదు. జవాబులో దాపరికం లేదు. ఐరోపా పార్లమెంట్లు నూరేళ్లుగా నియమావళులు రాసుకుంటూ వెతుకుతున్నది ఈ రెండింటినే.

బ్రిటన్ పార్లమెంటులో అర్ధ శతాబ్దం గడిపిన టోనీ బెన్ అధికారంలో ఉన్న ఎవరినైనా ఐదు ప్రశ్నలు అడగాలనేవారు. మీకున్న అధికారం ఏమిటి? అది ఎక్కడ నుండి వచ్చింది? ఎవరి మేలు కోసం వాడుతున్నారు? ఎవరికి జవాబుదారులు? మిమ్మల్ని తొలగించడం ఎలా? ఫరాజ్ అడిగినది వీటిలో ఐదవదే. బెన్ కూడా బ్రస్సెల్స్ పెత్తనాన్ని తీవ్రంగా విమర్శించినవారే. కానీ ఆయన ప్రశ్నలు నేటికీ నిలిచాయి, ఎందుకంటే వాటికి తడిగుడ్డ తోడు లేదు.

కిందటేడు మా పట్టణంలో దర్జీపని చేసుకునే ఒక తండ్రి, కూతురి ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని మా దగ్గరకు వచ్చారు. అంతకుముందే మన కుర్రవాళ్లు ఆయనను వెంటబెట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్లి, అక్కడి గుమాస్తాను నానా మాటలూ అని, దానిని సెల్‌ఫోనులో చిత్రీకరించారు. వేలమంది చూశారట. ఫైలు అంగుళం కదలలేదు. పైగా విధులకు అడ్డుపడ్డారన్న ఫిర్యాదు ఒకటి సిద్ధమైంది. ఆ కుర్రవాళ్ల కోపం అన్యాయమైనదని మేము అనము. అమ్మాయి చదువు ఆగిపోతుంటే నెమ్మదిగా ఉండమనడం కడుపు నిండినవారి మాట. కానీ వారిని కూర్చోబెట్టి, దరఖాస్తు నంబరు, తేదీ వేసి సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు రాయించాము. ముప్పై రోజుల గడువు లోపలే జవాబు వచ్చింది. బ్యాంకు ఖాతా వివరం సరిపోలలేదని ఫైలును కళాశాలకు తిప్పి పంపారు. కళాశాల ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. తిట్లు తిన్న గుమాస్తాకు ఆ ఆలస్యంతో సంబంధమే లేదు. ఆ కుర్రవాళ్లలో ఒకరు తరువాత వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పి వచ్చారు. మాకు అది అమ్మాయి ఫీజు వచ్చినంత సంతోషం కలిగించింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఊరు మంచిదైనంత మాత్రాన ఫైలు కదలదన్నది మా అనుభవం చేర్చే మాట. కనుక మన సంఘాలకు, మసీదు కమిటీలకు, యువకులకు మేము కోరేది ఒక్కటే. నోరు మూసుకోమని కాదు. కోపాన్ని కాగితం మీద పెట్టండి. నిర్ణయం ఎవరిది, ఉత్తర్వు ఏది, తేదీ ఏది, జవాబు ఎవరు చెప్పాలి అని అడగండి. జవాబు రాకపోతే పై అధికారిని, ఆ పైన న్యాయస్థానాన్ని, చివరకు ఓటు పెట్టెను అడగండి. మీ మర్యాదను చూసి ఎవరైనా మీది బలహీనత అనుకుంటే, రెండోసారి అవే ప్రశ్నలు, కొత్త తేదీ వేసి పంపండి.

అవసరమైతే రాతపనికి తోడుగా మాబోటి రిటైరైన గుమాస్తాలను పిలవండి. ఆ పని మాకు బాగా వచ్చు.